గుడి కట్టాం, కానీ లోపలికి వెళ్తే గుడిలా అనిపించడం లేదు. ఎందుకు?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. కాలనీలో అందరూ చందాలు వేసుకొని గుడి కట్టారు. నేలకు మెరిసే టైల్స్, గోడలకు గ్రానైట్, గర్భగుడి చుట్టూ ఎల్‌ఈడీ లైట్లు, మండపానికి ఫాల్స్ సీలింగ్, ఏసీ. ప్రతిష్ఠ శాస్త్రోక్తంగానే చేయించారు. అయినా లోపల నిలబడితే ఫంక్షన్ హాల్లో ఉన్నట్టుంది. మీ అమ్మమ్మగారి ఊళ్ళో పెచ్చులూడిపోయిన శివాలయంలోకి వెళ్తే మాత్రం ఇప్పటికీ మాట దానంతటదే తగ్గిపోతుంది. అసలు ఒక కట్టడం పవిత్రంగా అనిపించడానికి కారణమేమిటి, మన గుడిని ఇప్పుడేమైనా సరిచేసుకోవచ్చా అని మీ ప్రశ్న.

నేను సివిల్ ఇంజనీరుని. ముప్పై ఏళ్ళుగా ఎక్కువగా గుళ్ళ మరమ్మతులు, జీర్ణోద్ధరణ పనులే చేస్తున్నాను. గుళ్ళు కట్టే స్థపతులతో, అర్చకులతో, కమిటీలతో కలిసి పనిచేస్తూ నేర్చుకున్నదే చెబుతున్నాను. గుడి కట్టడానికీ పూజకీ నియమాలు చెప్పే ఆగమ శాస్త్రంలో నేను పండితుణ్ణి కాను, ఆ విషయం గుర్తుపెట్టుకొని చదవండి.

ముందు సూటిగా జవాబు. వీధికీ దేవుడికీ మధ్య ఉన్న దూరం మీ ఒంటికి తెలియాలి. ఆ దూరాన్ని రోజూ ఎవరో ఒకరు శ్రద్ధగా కాపాడుతూ ఉండాలి. మొదటిది కట్టడం చేసే పని, రెండోది మనుషులు చేసే పని. మీ అమ్మమ్మగారి ఊరి గుడిలో రెండూ ఉన్నాయి. మీరు రాసినదాన్ని బట్టి మీ కాలనీ గుడిలో రెండోది మొదలైంది, మొదటిది మాత్రం లేదు. గేటు దాటితే నేరుగా దేవుడు. నాలుగడుగుల్లో దర్శనం అయిపోతుంది. ఆ నాలుగడుగుల్లో మీ ఒంట్లో ఏ మార్పూ రాదు. రోడ్డు మీద ఏ మనసుతో ఉన్నారో అదే మనసుతో దేవుడి ముందు నిలబడతారు.

దూరం అంటే స్థలం ఎక్కువ ఉండాలని కాదు. మన మాటలోనే దీనికి ఆధారం ఉంది. వానాకాలంలో చంద్రుడి చుట్టూ వలయం కడితే పెద్దవాళ్ళు వరదగుడి అంటారు. అక్షరం మీద పెట్టే సున్నలాంటి గుర్తును గుడి అనే చిన్నప్పుడు నేర్చుకున్నాం, ఆ తర్వాత గుడిదీర్ఘం. గుడి అంటే చుట్టూ తిరిగి వచ్చే గీత. ఒక చోటు చుట్టూ గీత గీసి, ఇది లోపల, అది బయట అని వేరుచేస్తే గుడికి మొదటి పని అయిపోయినట్టే. గోడ, కప్పు, గోపురం ఆ తర్వాత వచ్చాయి.

ఈసారి మీ అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. కళ్ళతో కాకుండా కాళ్ళతో ఆ గుడిని గమనించండి. మన పాత శివాలయాలు చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఏం జరుగుతుందో నేను ఇక్కడినుంచే చెప్పగలను. ప్రాకారం గోడ దగ్గర చెప్పులు విడుస్తారు. మధ్యాహ్నమైతే బండలు కాలుతుంటాయి కాబట్టి త్వరత్వరగా నడుస్తారు. కుళాయి దగ్గరో బావి దగ్గరో కాళ్ళు కడుక్కుంటారు. తడి కాళ్ళతో ధ్వజస్తంభం, బలిపీఠం దాటి మెట్లెక్కుతారు. మండపంలోకి రాగానే కాళ్ళ కింద రాయి చల్లగా తగులుతుంది. అక్కడే నడక నెమ్మదిస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. నంది కొమ్ముల మధ్యనుంచి చూడటానికి కాస్త వంగుతారు. గర్భగుడి ముందుండే ఇరుకు చోటు, అంటే అంతరాళం దగ్గర కప్పు ఒక మెట్టు కిందికి దిగుతుంది, ద్వారం ఇరుకవుతుంది, వెలుగు తగ్గుతుంది. గంట కొడితే ఆ శబ్దం రాతి గోడల మధ్య కొన్ని క్షణాలు తిరుగుతుంది. గడప ముందు నిలబడేసరికి ఎదురుగా చీకటి, ఆ చీకట్లో ఒక దీపం. మొదట ఏమీ కనపడదు. కాసేపటికి లింగం చుట్టూ ఉండే పానవట్టం అంచు కనపడుతుంది, తర్వాత విభూతి రేఖలు, ఆ తర్వాత లింగం మీద పడిన మారేడు దళం.

ఈ వరసలో ప్రతి మెట్టు దగ్గరా మీ దగ్గర్నుంచి ఏదో ఒకటి తగ్గుతోంది. ముందు చెప్పులు, తర్వాత దుమ్ము, తర్వాత వేగం, చివరికి చూపు కూడా. అందుకే లోపల మాట తగ్గుతుంది. ఎండలోంచి వచ్చిన కన్ను చీకటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పాత కట్టడాలు ఆ నిమిషాలను మండపం, అంతరాళం అంటూ ముక్కలు చేసి దారి పొడవునా పరిచాయి. వెలుగులోంచి నీడలోకి, నీడలోంచి చీకట్లోకి తీసుకెళ్తాయి. మీ గుడిలో బయట ఎంత వెలుగుందో లోపల అంతకంటే ఎక్కువ ఉంది. కన్నుకు చేయడానికి పనేమీ లేదు.

వెలుగు విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పనిలోకి వచ్చిన కొత్తల్లో గోదావరి వైపు ఒక పల్లెలో చిన్న వేణుగోపాలస్వామి గుడి బాగుచేసే పని వచ్చింది. మండపానికి రెండు పక్కలా మందపాటి గోడలు, లోపల ఉక్కపోత, గబ్బిలాల వాసన. గాలీ వెలుతురూ రావాలని పక్క గోడల్లో పెద్ద పెద్ద కిటికీలు కొట్టించి గ్రిల్స్ పెట్టించాను. గర్భగుడి లోపల ట్యూబ్‌లైటు వేయించాను. కమిటీ ఎంతో సంతోషించింది, నాకు శాలువా కప్పారు. నాలుగు నెలల తర్వాత బిల్లు పనిమీద వెళ్తే, రోజూ పూలు తెచ్చే ఒక ముసలావిడ అడిగింది. "బాబూ, స్వామిని తెచ్చి బజార్లో నిలబెట్టావేంటి?" అంది. కోపంగా అనలేదు. నిజంగా బాధపడుతూ అంది. తర్వాత ఒక అరగంట అక్కడే కూర్చుని చూశాను. సైకిల్ మీద పోయేవాళ్ళు గ్రిల్ లోంచి చూసి, దిగకుండానే దణ్ణం పెట్టుకొని పోతున్నారు. లోపలికి వచ్చినవాళ్ళు కూడా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. అర్చకుడు హారతి ఇస్తుంటే ట్యూబ్‌లైటు కింద కర్పూరం మంట కనపడటమే లేదు. హారతి అంటే చీకట్లో ఉన్న స్వామి ముఖాన్ని ఆ ఒక్క క్షణం చూపించడం. ఆ క్షణాన్ని నేనే చెరిపేశాను. తర్వాత సంవత్సరం నా ఖర్చుతోనే ఆ కిటికీలను ముప్పాతిక వంతు మూయించి, పైన చిన్న గవాక్షాలు మాత్రం ఉంచాను. గాలికి అవి సరిపోయాయి.

అప్పట్నుంచి ఏ కమిటీ పిలిచినా మొదటి రోజు నేను అడిగేది ఒకటే. సాయంత్రం అన్ని లైట్లూ ఆర్పి, ఒక్క దీపం ఉంచి, అందర్నీ పది నిమిషాలు కూర్చోమంటాను. ఆ పది నిమిషాల తర్వాత ఎస్టిమేటులో సగం ఐటమ్స్ వాళ్ళే కొట్టేస్తారు.

అంతా చూపించేస్తే చూడటానికి ఏమీ మిగలదు. సింహాచలం సంగతి చూడండి. వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ నాడు, ఆ ఒక్కరోజే. మిగతా రోజులన్నీ జనం చూసేది చందనపు ముద్దనే, అయినా కళ్ళు చెమర్చకుండా బయటికి వచ్చేవాళ్ళు తక్కువ. నల్లగొండ దగ్గర పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఇంకో రకం. గర్భగుడి వెనక గోడ మీద లింగం వెనకాలే ఒక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. ఏ స్తంభం నీడో వెతుక్కుంటూ చాలామంది మండపంలో అటూ ఇటూ నడుస్తారు, స్తంభాల ముందు నిలబడి చూస్తారు. ఎక్కడెక్కడినుంచో వచ్చిన వెలుగు స్తంభాల మధ్యనుంచి చీలి లోపల చేరడం వల్ల ఏర్పడే నీడ అది. కారణం తెలిశాక కూడా నాకు అక్కడ నిలబడితే ఒళ్ళు జలదరించడం తగ్గలేదు. కట్టినవాళ్ళకు వెలుగు మీద ఎంత పట్టుందో అర్థమై ఇంకా ఎక్కువైంది. అరసవల్లిలో దీనికి ఎదురు. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు మాత్రం ఉదయపు కిరణం ద్వారాలన్నీ దాటుకొని వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతుంది. ఏడాదంతా ఆ పాదాలు అక్కడే ఉన్నాయి. ఆ కొద్ది నిమిషాల వెలుగు కోసం జనం తెల్లవారకముందే వచ్చి నిలబడతారు.

ఇక గడప. టైల్స్ వేసేటప్పుడు చక్రాల కుర్చీకి అడ్డమనో, తుడవడానికి అడ్డమనో గడపలు తీసేస్తున్నారు. చక్రాల కుర్చీకి ర్యాంపు వేరే కట్టవచ్చు, కట్టాలి కూడా, గడప మాత్రం తీయొద్దు. తిరుమలలో గర్భాలయం ముందున్న గడపను కులశేఖరపడి అంటారు. నీ గుడి గడపగా పడి ఉండి నీ నోరు చూస్తూ ఉంటే చాలు అని వేడుకున్న ఆళ్వారు పేరది. ఒక గడపకు ఒక భక్తుడి పేరు పెట్టుకున్న సంప్రదాయం మనది. పాత గుళ్ళలో గడప రాయి మధ్యలో కాస్త అరిగి, పసుపు ఇంకిపోయి, చెయ్యి పెడితే నున్నగా తగులుతుంది. ఆ అరుగుదల మీ తాతముత్తాతల చేతులది. కొత్త గుడికి దాన్ని కొనుక్కురాలేం. కానీ అరగడానికి వీలైన రాయి వేయగలం. అద్దంలా పాలిష్ చేసిన గ్రానైట్ అరిగే లోపు మూడు తరాలు గడిచిపోతాయి.

గడప గురించి చెప్పినప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. ఒకరి తల వంచిన గడపే ఇంకొకరి కాలు ఆపింది. ఆలయ ప్రవేశానికి మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం చేయాల్సి వచ్చింది. అంతకుముందు ఎన్ని వందల ఏళ్ళు కొందరిని ధ్వజస్తంభం దాకా కూడా రానివ్వలేదో మనకు తెలుసు. చట్టం వచ్చాక కూడా అన్ని ఊళ్ళలో వెంటనే తలుపులు తెరుచుకోలేదు. నాతో పనిచేసిన ఒక పెద్ద మేస్త్రి, ఆయన చేతులతోనే పాతికకు పైగా గుళ్ళు బాగుచేశాడు, ప్రతిష్ఠ రోజున మాత్రం ఎప్పుడూ బయట చెట్టు కిందే నిలబడేవాడు. రమ్మంటే "ఇక్కడ్నుంచి బాగానే కనపడతాడు సార్" అనేవాడు. చిన్నప్పుడు ఎవరో అన్న మాట ఆయన్ని అరవై ఏళ్ళకూ ఆపేస్తోంది. ఆయనకు ఆ గుడి పవిత్రంగా అనిపించిందా, బెరుకుగా అనిపించిందా? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మీ కాలనీ గుడి కొత్తది, ఆ బరువు లేదు. వాచ్‌మన్ కుటుంబం, పనిచేసే ఆవిడ, చెత్త తీసుకెళ్ళే అబ్బాయి అదే దారిలో, అదే గడప దాకా వస్తున్నారా లేదా చూసుకోండి. రాకపోతే నేను కింద చెప్పబోయే మార్పులేవీ చేయకముందు దాన్ని సరిచేయండి.

చీకటే పవిత్రత అనుకోవద్దు. మెదక్ చర్చికి వెళ్ళినవాళ్ళకు ఈ సంగతి తెలుస్తుంది. కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టాలని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ మొదలుపెట్టిన కట్టడం అది, పదేళ్ళు పట్టి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. అక్కడ కప్పు పైకి పైకి వెళ్తుంది, చూపు దాని వెంట పోతుంది. వేదిక వెనకా రెండు పక్కలా రంగుటద్దాల పెద్ద కిటికీలు. ఎండ వాటిమీద పడినప్పుడు మాత్రమే బొమ్మలు బతుకుతాయి. పొద్దుపోయాక వెళ్తే అవి నల్లటి అద్దాలు. మన గర్భగుడి చీకట్లో దీపంతో చేసే పనిని వాళ్ళు ఎండతో, ఎత్తుతో చేశారు. హైదరాబాదు మక్కా మసీదులో ఇంకా భిన్నం. 1617 ప్రాంతంలో మొదలై 1694లో పూర్తయిన ఆ మసీదులో విగ్రహం లేదు, బొమ్మ లేదు. వజూ చేసుకొని, అంటే ముఖం, కాళ్ళు చేతులు కడుక్కొని లోపలికి వెళ్తే పెద్ద పెద్ద కమానుల కింద ఖాళీ, ఆ ఖాళీ అంతా ఒకే దిక్కుకు తిరిగి ఉంటుంది. మూడు చోట్లా వెలుగు వేరు, కొలతలు వేరు. కానీ గుడికైనా మసీదుకైనా నీళ్ళు ఉన్నాయి, చర్చితో కలిపి మూడింటికీ ఒక దిక్కు ఉంది, లోపలికి వెళ్ళేముందు ఏదో ఒకటి విడవాల్సి ఉంది. మన పల్లెల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు కూడా చెప్పులు బయటే వదులుతారు, చూసే ఉంటారు.

ఇక్కడిదాకా కట్టడం గురించే చెప్పాను. అది సగమే. మిగతా సగం ఎంతుంటుందో చూడాలంటే అలంపురం వెళ్ళండి. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు ఉన్నాయి. ఇంచుమించు ఒకే కాలం, ఒకే రాయి, చాలావాటికి ఒకే రకం కట్టుబడి. గర్భగుడి చుట్టూ గోడల మధ్యే ప్రదక్షిణ దారి, వెలుగుకు రాతి జాలీలు. శిల్పం పరంగా స్వర్గబ్రహ్మ ఆలయం అన్నింట్లోకీ గొప్పది. కానీ నిత్యపూజ జరిగేది ప్రధానంగా బాలబ్రహ్మ ఆలయంలో. ఒకే గుంపు జనం ఈ రెండింట్లో ఎలా ఉంటారో నేను చాలాసార్లు గమనించాను. స్వర్గబ్రహ్మ దగ్గర ఫోన్లు తీస్తారు, ద్వారపాలకుల పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు, పిల్లలు స్తంభాల మధ్య దొంగాట ఆడతారు. అది తప్పేం కాదు, అంత అందమైన కట్టడంలో సంతోషంగా ఉండటమూ ఒక గౌరవమే. వాళ్ళే బాలబ్రహ్మ ఆలయంలోకి రాగానే పిల్లల చెయ్యి పట్టుకుంటారు, గొంతు తగ్గిస్తారు. పదమూడు వందల ఏళ్ళుగా నిలిచి ఉన్న రాళ్ళు రెండు చోట్లా ఒకటే. తేడా అల్లా తడిసిన నేల, నూనె వాసన, వాడిన పూలు, పొద్దున్నే ఎవరో వచ్చి తలుపు తీశారన్న గుర్తులు.

అయితే ఒక మాట. ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం అక్కడే పూజలు లేని ఒక గుడి ప్రదక్షిణ దారిలో ఒంటరిగా కూర్చున్నాను. జాలీలోంచి పడిన వెలుగు నేలమీద చదరాలు చదరాలుగా ఉంది. బయట నిప్పులు కురుస్తున్నాయి, లోపల గోడకు వీపు ఆనిస్తే చల్లగా ఉంది. దేవుడికి దీపం లేదు, నైవేద్యం లేదు. అయినా లేచి వచ్చేటప్పుడు నాకు తెలియకుండానే గోడకు దణ్ణం పెట్టుకున్నాను. బాగా కట్టిన కట్టడం ఖాళీగా ఉన్నా తన సగం పని చేస్తూనే ఉంటుంది.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలోనే తిరిగి నిలబెట్టారు. అదెంత కష్టమైన పనో మా వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు, చేసినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. రాళ్ళన్నీ వచ్చాయి. రెండు నదులు కలిసే చోటు మాత్రం రాలేదు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకు నీళ్ళ చప్పుడు లేకపోవడం వినపడుతుంది. అదే జలాశయంలో మునిగిన ఇంకో సంగమేశ్వరం ఉంది, నంద్యాల జిల్లా వైపు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళ కిందే ఉంటుంది. ఎండాకాలం నీటిమట్టం తగ్గి గుడి బయటపడగానే ఒండ్రు ఎత్తిపోసి, కడిగి, వేపమొద్దు లింగానికి పూజ మొదలుపెడతారు. మళ్ళీ వరద వచ్చేదాకా గుడి గుడే. గోడలు దెబ్బతిన్నాయి, మెరుపు ఏమీ లేదు, అయినా అక్కడ ఎవరూ గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు.

మనుషులు చేసే సగం ఎంత బలమైనదో చూపించేది బాలాలయం. జీర్ణోద్ధరణ పని మొదలయ్యే ముందు అర్చకులు మూలవిరాట్టులోని కళలను, అంటే దైవశక్తిని, కలశంలోకి తీసుకొని (దీన్నే కళాకర్షణ అంటారు), పక్కన తాత్కాలికంగా కట్టిన బాలాలయంలో ఉంచుతారు. పని పూర్తయ్యేదాకా పూజలన్నీ అక్కడే. ఒక ఊళ్ళో మా బాలాలయం వేపచెట్టు కింద వేసిన రేకుల షెడ్డు. పద్నాలుగు నెలలు నడిచింది. మధ్యాహ్నం లోపల నిలబడితే చొక్కా తడిసి ఒంటికి అతుక్కునేది. ఊరి జనం అదే నియమంతో, అదే నిశ్శబ్దంతో అక్కడికి వచ్చారు. షెడ్డు ముందు ముగ్గులు పడ్డాయి. ఎవరో చెక్కతో చిన్న గడప చేయించి బిగించారు, దానికి పసుపు రాశారు. నేను దూరం అన్నది కట్టడం ఇవ్వకపోతే జనమే తయారుచేసుకున్నారు.

ఆ పనిలోనే ఇంకోటి చూశాను. అసలు గర్భగుడి ఖాళీ అయింది కాబట్టి, లోపల పగిలిన టైల్స్ తీసే కూలీలను బూట్లు వేసుకోమన్నాను. కాళ్ళు తెగుతాయని నా టెన్షన్ నాది. అందరూ వేసుకున్నారు. కానీ లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ప్రతి ఒక్కరూ గడప మీద కాలు పెట్టకుండా దాటారు, తట్టలో పాతిక కిలోల పగిలిన ముక్కలు ఉన్నా సరే. కళాకర్షణ అయిపోయిందని వాళ్ళకు తెలుసు. కాళ్ళకు మాత్రం తెలియలేదు.

అసలు కట్టడమే లేని చోట్లు కూడా మనకు తక్కువేం కాదు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడిమధ్య, ఊరికి రక్షణగా పాతిన బొడ్రాయి ఉంటుంది. గోడ లేదు, కప్పు లేదు, పక్కనుంచి ట్రాక్టర్లు పోతుంటాయి. ఎవరూ దానిమీద కూర్చోరు, పసిపిల్లవాడు ఎక్కబోతే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి దింపుతారు. చెరువుకట్ట మీద మైసమ్మ, వేపచెట్టు కింద పోచమ్మ, మూడు రాళ్ళు, పసుపు, కుంకుమ, వేపమండ. అక్కడ మొత్తం పని మనుషులదే. కట్టడం సాయం అవసరమే రాలేదు. ఈ మధ్య పోచమ్మకు కూడా పాలరాతి గది కట్టి చెట్టు కొట్టేస్తున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. చెట్టే ఆ తల్లి గుడి.

ఒక అభ్యంతరం కూడా మీకు చెప్పాలి. ఈ విషయాలే ఒకసారి వైఖానస ఆగమం ప్రకారం విష్ణువు గుళ్ళలో పూజ చేసే ఒక పెద్ద అర్చకుడితో మాట్లాడుతుంటే, ఆయన అంతా విని, "నాయనా, నీకు అనిపించినా అనిపించకపోయినా స్వామి అక్కడే ఉన్నాడు. ప్రతిష్ఠ జరిగింది, నిత్యార్చన జరుగుతోంది. అనిపించడం నీ సంగతి, ఉండటం ఆయన సంగతి" అన్నారు. ఆయన మాట నేను కాదనను. మీ కాలనీ గుడిలో దేవుడు లేడని నేను అనడం లేదు, మీరూ అనుకోవద్దు. నేను చెప్పేదంతా మనవైపు సంగతి. ఆయన ముందు మనం ఎలా నిలబడతామో దాంట్లో కట్టడం చేయగల సాయం గురించి.

ఇప్పుడు మీ గుడికి ఏం చేయవచ్చు. పగలగొట్టాల్సిన పని చాలా తక్కువ. గర్భగుడిని, ద్వారబంధాన్ని, విగ్రహాన్ని తాకే ఏ మార్పైనా మీ అర్చకుణ్ణి, కట్టిన స్థపతిని అడగకుండా చేయొద్దు. మిగతావి మీ చేతిలోనివే.

మొదట లైట్లు. గర్భగుడి లోపలి లైట్లకు వేరే స్విచ్ పెట్టించండి, అలంకారం చేసేటప్పుడు తప్ప ఆర్పి ఉంచండి. రంగులు మారే ఎల్‌ఈడీ పట్టీలు, దేవుడి తల వెనక తిరిగే లైటు చక్రం తీసేయండి. లోపల నువ్వుల నూనె దీపాలు రెండు, వాటి వెనక గోడ ముదురు రంగులో ఉంటే చాలు. మీ గర్భగుడి లోపలి గోడలకు తెల్ల టైల్స్ ఉన్నాయని రాశారు, దీపం వెలుగు వాటిమీద చెదిరిపోతుంది. అవి తీసి నల్లరాయి పలకలు వేయించగలిగితే మంచిది. మండపంలో లైట్లు పసుపు రంగువి పెట్టి, గేటు నుంచి లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గిస్తూ రండి.

తర్వాత దారి. మీ ప్లాన్ చూస్తే గేటు దేవుడికి ఎదురుగానే, పన్నెండు అడుగుల దూరంలో ఉంది. ఎదుటి గేటును పండగలకు ఉంచి, మామూలు రోజుల్లో పక్క గేటు వాడండి. అప్పుడు జనం గోడ వెంబడి నడిచి, తిరిగి, ధ్వజస్తంభం ముందుకు వస్తారు. పన్నెండు అడుగులు నలభై అవుతాయి, ఒక్క ఇటుక కూడా కదపకుండా. ఆ మలుపులో కాళ్ళు కడుక్కునే చోటు పెట్టండి. నీళ్ళు నిలవకుండా వాలు చూసుకోండి. ఆ దారికి పాలిష్ లేని తాండూరు బండలో కడప బండలో వేయించండి, తడి కాలికి జారవు, అరిగేకొద్దీ బాగుంటాయి. ఖాళీ ఉంటే మారేడు మొక్క ఒకటి నాటండి.

ఫాల్స్ సీలింగ్ తీసేయమనే చెబుతాను. దానివల్ల మంత్రం గొంతు, గంట శబ్దం నిలవడం లేదు. తీసేశాక మైకు అవసరం కూడా తగ్గుతుంది. అంత చిన్న మండపానికి మైకు అసలెందుకో ఒకసారి ఆలోచించండి. దాతల పేర్ల పలకలు గర్భగుడి ద్వారానికి రెండు పక్కలా ఉన్నాయన్నారు. ఇది సున్నితమైన విషయం, ఇచ్చినవాళ్ళ మనసు నొచ్చుకోకూడదు. వాటన్నిటినీ ప్రాకారం గోడకు లోపలివైపు ఒకే వరసలో, ఒకే సైజులో పెట్టించండి. దేవుణ్ణి చూసే కంటికి అడ్డంగా ఏ అక్షరమూ ఉండకూడదు. గడియారం, క్యాలెండరు, హుండీ పక్కన క్యూఆర్ కోడ్ కూడా అంతే, బయటి గోడకు మార్చండి.

ఏసీ విషయంలో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. ఉంచండి, కానీ తలుపులు మూసి వేయాల్సి వస్తే గుడి గదిలా మారుతుంది. పై గవాక్షాలు తెరిపించి ఒక ఎండాకాలం చూడండి.

మొత్తం ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్విచ్ వేరు చేయించండి, ఈ శనివారం సాయంత్రం కమిటీ వాళ్ళందర్నీ లైట్లు ఆర్పి పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఆ తర్వాత గర్భగుడి లోపలి కొలతలు, ద్వారం ఎత్తు వెడల్పు, స్లాబు ఎత్తు రాసి పంపితే నల్లరాయి పలకలు ఎన్ని అడుగులు పడతాయో, ఎలా బిగించాలో వివరంగా రాస్తాను.